బుధవారం తొమ్మిదీ పది

పెద్దపేగు కోసి అతికించిన మనిషిని మర్నాడు పొద్దున నర్సు మొదట అడిగేది నొప్పి గురించి కాదు. "గ్యాస్ పోయిందా అండీ?" అని అడుగుతుంది. పోతే పేగు నిద్ర లేచినట్టు. పోకపోతే నోట్లో ఏదీ పొయ్యకూడదు. ఆ ఒక్క కబురు కోసం డాక్టరు, నర్సు, పెళ్ళాం, పిల్లలు అందరూ కాచుక్కూర్చుంటారు. బయట ఎక్కడైనా అయితే ముక్కు మూసుకునే వాళ్ళే ఇక్కడ చేతులెత్తి దేవుడికి దణ్ణం పెడతారు.

ఏలూరులో ఆ ప్రైవేటు ఆసుపత్రి రెండో అంతస్తులో పెర్సిస్ ఈ ప్రశ్న రోజుకి పది పదిహేనుసార్లు అడుగుతుంది. అడిగేటప్పుడు ఆమె ముఖంలో నవ్వూ ఉండదు, సిగ్గూ ఉండదు, విసుగూ ఉండదు. బస్సులో కండక్టరు టికెట్ అడిగినట్టు అడుగుతుంది. చెప్పిన జవాబు రాసుకుని పక్క మంచానికి వెళ్తుంది.

తాడేపల్లిగూడెంలో పొద్దున్నే రైలెక్కి ఎనిమిదింటికల్లా డ్యూటీలో ఉంటుంది. రెండు నెలల క్రితం దాకా ఆపరేషన్ థియేటర్లో పనిచేసేది. ఒక పేషెంటు కొడుకు ఏదో అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పింది. దాంతో వార్డుకి మార్చారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. "ఇక్కడైతే మీకు రెస్టుగా ఉంటుంది సిస్టర్" అన్నారు, అంతే. అప్పటినుంచి ఆమెకి నిజంగానే ఒకరకమైన రెస్టు దొరికింది. చెప్పింది చేస్తుంది, చేసింది రాస్తుంది, రాత్రి ఎనిమిదింటికి చేతులు కడుక్కుని స్టేషనుకి వెళ్ళిపోతుంది. మొన్న మధ్యాహ్నం క్యారేజీ విప్పి తింటుంటే పక్కనున్న నర్సు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "అక్కా, కూరలో ఉప్పే వెయ్యలేదేంటి?" అంది. అప్పటికి పెర్సిస్ సగం పైన తినేసింది.

ఆ మంగళవారం రెండు ఆపరేషన్లు జరిగాయి. ఇద్దరికీ జబ్బు ఒకటే. పెద్దపేగు ఎడమవైపు గోడ పలచబడిపోయి, అరిగిన సైకిల్ ట్యూబు బుడిపెలు కట్టినట్టు చిన్నచిన్న సంచులు ఉబ్బుతాయి. వాటిలో మలం చేరి చీము పడుతుంది. నెలకోసారి జ్వరం, ఎడంపక్క పొత్తికడుపులో పోటు. మందులతో తగ్గి మళ్ళీ వస్తుంది. ఆఖరికి ఆ ముక్క తీసేసి రెండు కొసలూ కలపక తప్పదు. చేసిన డాక్టరూ ఒకరే, వంశీకృష్ణ గారు. కాకపోతే పొద్దున సోమసుందరం గారికి కొత్తగా వచ్చిన రోబోతో చేశారు. మధ్యాహ్నం రాజరత్నం గారికి ఎప్పటిలా లాప్రోస్కోపీతో చేశారు.

ఇద్దరినీ ఒకే గదిలో వేశారు. కిటికీ వైపు మంచం సోమసుందరం గారిది. పెంటపాడు పక్క ఊళ్ళో అర్చకులు. సన్నటి మనిషి, మాట కూడా సన్నగానే ఉంటుంది. తలుపు వైపు మంచం రాజరత్నం మాస్టారిది. కొల్లేటి లంకలో మిషన్ బడి హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. అయిదు తరగతులకీ ఒకే గదిలో పాఠం చెప్పిన గొంతు కావడంతో, ఆయన గుసగుసగా మాట్లాడినా కారిడార్లోకి వినిపిస్తుంది. మధ్యలో ఆకుపచ్చ తెర ఒకటుంది.

బుధవారం తొమ్మిదింటికి డాక్టరుగారు రౌండ్సుకి వచ్చారు. ఆయన వెనకాల ఇద్దరు జూనియర్లు, డైటు చూసే అమ్మాయి, రోబో కంపెనీ తరఫున వచ్చిన ఇంకో అమ్మాయి. ఆ అమ్మాయి ఫోను ఎత్తి పట్టుకుని ఉంది. పెర్సిస్ చార్టు పట్టుకుని మంచం కాళ్ళ దగ్గర నిలబడింది. సోమసుందరం గారి భార్య సత్యవాణి గారు తలవైపు నిలబడి కొంగుతో ఆయన నుదురు తుడుస్తున్నారు.

"సోమసుందరం గారూ, ఎలా ఉందండీ? గ్యాస్ పోయిందా?" అన్నారు డాక్టరుగారు.

సోమసుందరం గారు ఒకసారి అందరి మొహాలూ చూశారు. నలుగురు ఆడవాళ్ళు తనకేసే చూస్తున్నారు. కళ్ళు మూసుకుని, "ఊఁ" అన్నారు.

"సూపర్! ఇరవై నాలుగు గంటలు కూడా కాలేదు. చూశారా?" అని డాక్టరుగారు కంపెనీ అమ్మాయి వైపు తిరిగారు. "సిస్టర్, టైము రాసుకోండి. ఈపూట జావ, రేపు పొద్దున ఇడ్లీ. శుక్రవారం ఇంటికి పంపించేద్దాం."

పెర్సిస్ గోడ గడియారం చూసి రాసింది. బుధవారం 9.10.

రాసింది చార్టులో ఒక్కటే కాదు. నర్సుల బల్ల మీద ఇంకో కాగితం ఉంది. డాక్టరుగారు ఏడాదిగా నడుపుతున్న కాగితం అది. పై సగం రోబోతో చేసినవాళ్ళ వరసలు, కింది సగం లాప్రోస్కోపీతో చేసినవాళ్ళవి. గ్యాస్ ఎప్పుడు పోయింది, మంచినీళ్ళు ఎప్పుడు తాగారు, ఎప్పుడు నడిచారు, నొప్పి పదికి ఎంత, ఎన్నోరోజున ఇంటికెళ్ళారు. వచ్చే ఆదివారం విజయవాడలో సర్జన్ల మీటింగులో ఈ రెండింటినీ పోల్చి ఆయన మాట్లాడబోతున్నారు. సోమసుందరం గారు పైన పన్నెండో పేరు. రాజరత్నం గారు కింద పదిహేనో పేరు.

"డాక్టరుగారండీ, ఒక్క సందేహం" అన్నారు రాజరత్నం, తమ వంతు రాగానే. "ఆయనకి మిషన్ చేసిందీ, నాకు మీరు చేశారూ. అంతేనా అండీ?"

"రెండూ నేనే చేశాను మాస్టారూ. మీకైతే పరికరాలు నా చేతిలో ఉన్నాయి. ఆయనకైతే నేను కాస్త దూరంగా కూర్చుని తిప్పుతుంటే రోబో చేతులు పట్టుకున్నాయి. లోపల ఇంకాస్త బాగా కనిపిస్తుంది. పరికరం మన మణికట్టులాగా అటూ ఇటూ తిరుగుతుంది."

"నాకు అయిదు చిల్లులు పెట్టారండీ. ఆయనకీ అయిదేనట, పొద్దున్నే అడిగాను. ముక్క బయటికి తీసిన కోత ఇద్దరికీ కిందే ఉంది. మరి ఏది మంచిదంటారు?"

డాక్టరుగారు నవ్వారు. "అదే తేల్చడానికి చూస్తున్నానండీ. రెస్టు తీసుకోండి." అప్పటికే ఆయన ఒక కాలు కారిడార్లో ఉంది. మంచినీళ్ళ మాట సువార్తమ్మ గారు అడిగారు. రాజరత్నం గారి భార్య ఆవిడ. "రేపు చూద్దామమ్మా" అన్న మాట తలుపు అవతలినుంచి వచ్చింది.

ఆ తేడా పెర్సిస్ చాలా రోజులుగా చూస్తూనే ఉంది. రోబోతో చేసినవాళ్ళ మంచానికి 'త్వరగా కోలుకునే పద్ధతి' అని ఒక రంగు కాగితం అంటిస్తారు. దాని ప్రకారం ఆపరేషన్ అయిన సాయంత్రమే గుక్కెడు నీళ్ళు, మర్నాడు జావ, ఆ మర్నాడు ఇడ్లీ. లాప్రోస్కోపీ వాళ్ళకి రంగు కాగితం లేదు. వాళ్ళకి పదేళ్ళనాటి పాత పద్ధతే. డాక్టరు చూశాక నీళ్ళు, నీళ్ళు నిలిచాక జావ. కోసిన చెయ్యి ఒకటే, కోసిన పేగూ ఒకటే. కానీ ఒకరికి మంగళవారం సాయంత్రం నీళ్ళు ఇచ్చి, ఇంకొకరికి గురువారం ఇచ్చి, ఎవరు ముందు ఇంటికెళ్ళారో చూసి రోబో గొప్పదంటే, అది సగం మంది ముందే బయల్దేరిన పరుగు పందెం. థియేటర్లో ఉన్నప్పటి పెర్సిస్ అయితే ఈ మాట ఎవరితోనైనా అనేది. ఇప్పుడు చూసి ఊరుకుంది.

సాయంత్రం ఆరు దాటాక ఆమె రాజరత్నం గారి మంచం దగ్గర సెలైన్ మారుస్తోంది. ఉన్నట్టుండి గది అదిరేట్టు చప్పుడైంది. ఒకసారి కాదు, రెండుసార్లు.

"స్తోత్రం!" అన్నారు సువార్తమ్మ గారు, చేతిలో ఉన్న బైబిలు గుండెకి అదుముకుని.

"విన్నావా తల్లీ? సాక్ష్యం కావాలంటే పక్కన పంతులుగారున్నారు" అన్నారు రాజరత్నం, పొట్ట పట్టుకుని నవ్వుతూ. నవ్వితే కుట్లు లాగి "అబ్బా" అన్నారు. తెర అవతల సత్యవాణి గారు కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. సోమసుందరం గారు మాత్రం గోడ వైపు తిరిగి పడుకున్నారు.

పెర్సిస్ డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పింది. "రేపు నేను చూశాక రాద్దాం సిస్టర్. ఏదో చప్పుడు విని పొరబడి ఉంటారు" అన్నారాయన. పొరబడేంత చిన్న చప్పుడు కాదని ఆమె అనలేదు. "సరేనండి" అని ఫోన్ పెట్టేసింది. మర్నాడు పొద్దున రౌండ్సులో ఆయన అడిగి, విని, రాయించారు. గురువారం 9.00.

గురువారం సోమసుందరం గారికి రెండు ఇడ్లీలు వచ్చాయి. అరముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలారు. "తినండీ, డాక్టరుగారు చెప్పారు కదా" అని సత్యవాణి గారు బతిమాలారు. ఆయన ఇంకో ముక్క తుంచి చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయారు.

"నొప్పి ఎంతుందండీ పంతులుగారూ, పదికి?" అంది పెర్సిస్.

"రెండమ్మా."

నిన్నా రెండే అన్నారు. ఎప్పుడడిగినా రెండే అంటారు. ఒకటంటే అబద్ధమవుతుందనీ, మూడంటే ఎదుటివాళ్ళకి శ్రమ ఇచ్చినట్టవుతుందనీ ఆయన లెక్క కాబోలు.

మధ్యాహ్నం దాటాక ఎక్కిళ్ళు మొదలయ్యాయి. ఒళ్ళు తుడవడానికి చొక్కా పైకెత్తినప్పుడు పెర్సిస్ ఆయన మొలతాడు చూసింది. ఆపరేషన్‌కి ముందు పాతది తీసేస్తే, బుధవారం పొద్దున సత్యవాణి గారు కొత్త నల్లతాడు వదులుగా కట్టారు. ఇప్పుడది ఒంట్లోకి దిగి, పైనా కిందా చర్మం ఉబ్బి ఉంది. కింద వేలు దూర్చబోతే దూరలేదు. ఆమె కత్తెరతో తాడు కోసి సత్యవాణి గారి చేతిలో పెట్టింది. నాడి చూసింది. నూట నాలుగు. రాసింది.

డాక్టరుగారు థియేటర్లో ఉన్నారు. జూనియర్ ఫోన్ స్పీకర్లో పెట్టాడు.

"పొట్ట కొంచెం ఉబ్బినట్టుందండి. ఎక్కిళ్ళు వస్తున్నాయి" అంది పెర్సిస్.

"నొప్పి ఎంతంటున్నారు?"

"రెండండి."

"రెండేగా. గ్యాస్ కూడా పోయింది. బాగా నడిపించండి సిస్టర్."

"సరేనండి" అంది. నడిపించింది. కారిడార్ ఆ చివరినుంచి ఈ చివరికి ఆయన ఆమె చెయ్యి పట్టుకోకుండా గోడ పట్టుకుని నడిచారు. ఆమె డ్యూటీ దిగి రైల్లో కూర్చుంది. కిటికీ పక్క సీటు దొరికింది. తాడేపల్లిగూడెం వచ్చేదాకా నల్లతాడు ఒంట్లోకి దిగిన గుర్తు తప్ప ఆమెకి ఇంకేమీ తోచలేదు. అది కూడా ఎక్కడో చూసిన బొమ్మలాగా తోచిందే గానీ, తనకి సంబంధించిన విషయంలాగా అనిపించలేదు.

శుక్రవారం పొద్దున డిశ్చార్జి కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. కింద కారు వచ్చి ఆగింది. కంపెనీ అమ్మాయి పూలగుత్తి పట్టుకుని కారిడార్లో నిలబడింది. మూడోరోజే ఇంటికి వెళ్తున్న పేషెంటుని నాలుగు మాటలు మాట్లాడించి వీడియో తీయాలట. పెర్సిస్ ట్రేలో దూది, కత్తెర, ప్లాస్టరు పెట్టుకుని, సోమసుందరం గారి చేతికున్న సెలైన్ సూది తీయడానికి గదిలోకి వచ్చింది.

"తల్లీ, ఇలా రా" అన్నారు రాజరత్నం. ఆయన గొంతు అంత తగ్గించి మాట్లాడగలరని ఆమెకి ఆ రోజే తెలిసింది. "ఇది ఆయన చెప్పుకోవలసిన మాట. నేను చెప్పకూడదు. కానీ కారెక్కించేస్తున్నారు కదమ్మా."

"ఏంటండీ మాస్టారూ?"

"ఆయనకి పోలేదమ్మా. బుధవారమూ పోలేదు, నిన్నా పోలేదు. నిన్న కారిడార్లో ఇద్దరం నడుస్తుంటే నేనే అడిగాను. 'అంతమంది ఆడపిల్లల ముందు ఏమని చెప్పమంటారు మాస్టారూ, ఊఁ అంటే వెళ్ళిపోతారు కదా, ఆనక ఎలాగూ పోతుంది కదా అనుకున్నాను' అన్నారు. ఒకసారి ఊఁ అన్నాక మళ్ళీ లేదనడానికి మొహం చెల్లలేదట."

పెర్సిస్‌కి మొదట గుర్తొచ్చింది ఆయన పొట్ట కాదు, తన చేతిరాత. బుధవారం 9.10. మెత్తటి మనిషి ఊఁ అంటే, అది ఏ ఊఁ అని అడక్కుండా రాసేసింది. ఈ గోదావరి జిల్లాల్లో పెద్దమనుషులు కాదనలేక అనే ఊఁ తనకి తెలియనిది కాదు. తన తండ్రి అలాగే అనేవాడు. అయినా రాసేసింది.

ఇప్పుడు ఏమీ అనకపోతే సూది తీస్తుంది, ఆయన కారెక్కుతారు. పెంటపాడు చేరడానికి గంట పైనే పడుతుంది. నిద్రపోయిన పేగు నిండిపోయి దార్లో వాంతి అయితే, అది ఊపిరితిత్తుల్లోకి పోతే, మనిషి దక్కడు. లోపల కుట్టే వదిలి ఉంటే ఇంటి దగ్గర తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. చెబితే తను రాసింది తప్పని తనే ఒప్పుకోవాలి. వార్డు తర్వాత ఇక ఎక్కడికి మారుస్తారో ఆమెకి తెలియదు.

"అమ్మా, కింద ఫార్మసీలో ఆయన మందులు తెచ్చేసుకోండి" అని సత్యవాణి గారిని పంపించి, తెర లాగింది. సోమసుందరం గారు కొత్త పంచె కట్టుకుని మంచం అంచున కూర్చుని ఉన్నారు. పడుకోమని స్టెతస్కోపు పొట్ట మీద పెట్టింది. చేతి గడియారం చూస్తూ నిమిషం పాటు విన్నది. జాగా మార్చి ఇంకో నిమిషం విన్నది. ఏమీ లేదు. పేగు కదిలే గరగర ఒక్కటంటే ఒక్కటి లేదు. నాడి చూసింది, నూట పన్నెండు.

"పంతులుగారండీ, నేను మీ కూతురి వయసుదాన్ని. ఇక్కడ ఎవరూ లేరు. నిజం చెప్పండి."

ఆయన పైన ఫ్యాను కేసి చూశారు. "నలభై ఏళ్ళు గర్భగుళ్ళో నిలబడ్డవాణ్ణమ్మా. అటువంటి మాట ఆడవాళ్ళ ముందు నా నోట ఎన్నడూ రాలేదు" అన్నారు. తర్వాత ఎక్కిళ్ళు వచ్చి ఆగాయి. "లేదమ్మా. ఒక్కసారీ లేదు."

"నొప్పి?"

"ఏడు. ఎనిమిది ఉంటుందేమో." ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "దీనివల్ల మీ ఉద్యోగానికేమీ ఇబ్బంది రాదు కదమ్మా?"

ఆ మాట పెర్సిస్‌కి ఎక్కడో తగిలింది. ఎక్కడో వెతుక్కునే తీరిక లేదు. "మీరు లేవకండి" అని బయటికి వచ్చింది.

డాక్టరుగారు కంపెనీ అమ్మాయి పక్కన నిలబడి ఉన్నారు. "రెడీనా సిస్టర్?"

"ఆయనకి గ్యాస్ పోలేదండి. బుధవారం నేను రాసింది తప్పు. ఊఁ అంటే రాసేశాను. పొట్టలో చప్పుడు లేదు. నాడి నూట పన్నెండు." రోజూ అందరినీ ప్రశ్న అడిగే గొంతుతోనే చెప్పింది. ధైర్యం చేసినట్టు కూడా అనిపించలేదు. ట్రేలో కత్తెర మాత్రం చప్పుడు చేసింది. 

"ఇప్పుడా చెప్పేది?" అన్నారు డాక్టరుగారు. మొహం ఎర్రబడింది. కంపెనీ అమ్మాయి పూలగుత్తి కిందికి దించింది. ఆయన గబగబా గదిలోకి వెళ్ళారు.

పొట్ట మీద చెయ్యి వేశాక ఆయన వేరే మనిషి. వేళ్ళతో తట్టి విన్నారు. మీటింగూ వీడియోనూ ఆయన మొహంలోంచి పోయాయి. ఎక్స్‌రే, వెంటనే స్కానింగు రాశారు. స్కానింగులో చూస్తే కుట్టు గట్టిగానే ఉంది, పేగే కదలడం లేదు. ముక్కులోంచి ట్యూబు ఆయనే స్వయంగా వేశారు. పచ్చటి నీళ్ళు సీసా నిండి, ఇంకో సీసాలో సగం దాకా వచ్చాయి. "ఇది కడుపులో పెట్టుకుని కారెక్కేవాళ్ళా మీరు?" అన్నారు సోమసుందరం గారితో, కోపంగా కాదు. మందుల సంచీతో పైకి వచ్చిన సత్యవాణి గారు భర్త ముక్కులో గొట్టం చూసి గుమ్మంలోనే చతికిలబడ్డారు. సువార్తమ్మ గారు లేచి వెళ్ళి ఆవిడని పట్టుకున్నారు.

ఆ రోజంతా డాక్టరుగారు పెర్సిస్‌తో మాట్లాడలేదు.

శనివారం పొద్దున నర్సుల బల్ల దగ్గరికి వచ్చి ఆ కాగితం తీసుకున్నారు. సోమసుందరం గారి వరసలో డిశ్చార్జి గడిలో ఆయనే స్వయంగా రాశారు. "మూడోరోజు సిద్ధం. కుటుంబం కోరిక మీద ఉంచాం."

"గ్యాస్ గడి అలాగే ఉండనివ్వండి సిస్టర్" అన్నారు కాగితంలోంచి తల ఎత్తకుండానే. "పేషెంటు చెప్పిందే కదా రాశాం. మనం కల్పించలేదు."

"సరేనండి" అంది పెర్సిస్.

నిన్న నోరు తెరిచిన మనిషి ఈవాళ ఇంత తేలిగ్గా సరేనండి ఎలా అంటుందో ఆమెకే అర్థం కాలేదు. మనిషి బతికాడు కదా, కాగితంలో ఏముంటే ఏం అని సర్దిచెప్పుకుంది. సర్దుకుంది కూడా. ఆ కాగితం చూసి రేపు ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరు మూడోరోజుకే ఎవరినో కారెక్కిస్తాడన్న ఆలోచన వచ్చింది గానీ, దాన్ని ఎక్కువసేపు దగ్గర ఉంచుకోలేదు.

ఆ మధ్యాహ్నమే రాజరత్నం గారిని ఇంటికి పంపించారు. నాలుగోరోజు. బట్టలు మార్చుకుని, కర్ర ఊతంగా తెర అవతలికి వెళ్ళి నిలబడ్డారు. "పంతులుగారండీ, మీరు ఏమీ అనుకోనంటే మీ కోసం ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుని వెళ్తాను" అన్నారు. సోమసుందరం గారు ముక్కులో గొట్టంతోనే రెండు చేతులూ జోడించారు. మాస్టారు ఆ నిమిషం మాత్రం కారిడార్లోకి వినపడకుండా ప్రార్థించారు. వెళ్తూ వెళ్తూ పెర్సిస్‌తో, "నా పేరు కింద ఏ టైము రాశారమ్మా?" అని అడిగారు.

"గురువారం తొమ్మిదండి."

"బుధవారం సాయంత్రం నువ్వు ఇక్కడే ఉన్నావు కదా తల్లీ?"

"ఉన్నానండి."

ఆయన తప్పు లెక్క చేసిన పిల్లకి పలక వెనక్కి ఇచ్చి ఊరుకున్న బడిపంతులు చూసినట్టు చూసి, సువార్తమ్మ గారి భుజం పట్టుకుని లిఫ్టు వైపు నడిచారు. పెర్సిస్‌కి సిగ్గేసింది.

ఆదివారం ఆమెకి డ్యూటీ పడింది. పదకొండు దాటాక డాక్టరుగారి నుంచి మెసేజీ వచ్చింది. "కాగితం ఫొటో తీసి పంపండి. పన్నెండింటికి నా టాక్." ఆమె ఫైలు తెరిచి, కాగితం బల్ల మీద పరిచి, మడతలు చేత్తో సాపు చేసి, ఫోను పైకి ఎత్తింది. తెరమీద అక్షరాలన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. బుధవారం 9.10 అన్నది ఆపరేషన్ అయ్యాక అందరికంటే త్వరగా పడిన టైము.

"అమ్మా! పెర్సిసమ్మా!"

ఎవరి గొంతో ఆమె పోల్చుకోలేదు. ఆ గొంతు అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు.

"పోయిందమ్మా! పోయింది!"

కారిడార్లో నడుస్తున్న పేషెంట్లు ఆగిపోయారు. తుడుస్తున్న ఆయా చీపురు పట్టుకుని నవ్వింది. పెర్సిస్ పరిగెత్తింది. సోమసుందరం గారు మంచం మీద లేచి కూర్చుని ఉన్నారు, గొట్టం ఊగుతోంది. సత్యవాణి గారు చేతులతో మొహం కప్పుకుని ఏడుస్తూ నవ్వుతున్నారు. "రెండుసార్లమ్మా" అన్నారాయన, వేళ్ళు చూపిస్తూ. "కావాలంటే ఆవిణ్ణి అడగండి. ఇది ఊఁ కాదమ్మా. నిజం." సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి గానీ తల దించుకోలేదు. పెర్సిస్ పొట్ట మీద స్టెతస్కోపు పెట్టింది. గరగరమని, వాన నీరు తూములోకి దిగినట్టు చప్పుడు. వింటూ ఉండిపోయింది. విన్నంతసేపూ సంతోషం వేసింది. ఒంట్లో ఇన్నాళ్ళూ లేని మనిషెవరో వచ్చి కూర్చున్నట్టుంది.

బల్ల దగ్గరికి తిరిగి వచ్చేసరికి ఆ సంతోషం వెంట భయం కూడా వచ్చింది.  ఉద్యోగం పోతే తాడేపల్లిగూడెంలో ఏ నర్సింగ్ హోమ్‌లో అడగాలా అని కూడా అనిపించింది. అయినా పెన్ను తీసింది. రాసింది తప్పయితే కింద అక్షరాలు కనిపించేలా ఒక్క గీతే కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలని ట్రైనింగులో మొదటి నెలే నేర్పుతారు. బుధవారం 9.10 మీద ఒక గీత కొట్టింది. పక్కన, "ఆదివారం 11.20" అని రాసి, పొడి అక్షరాలు కాకుండా పూర్తి పేరు రాసింది. డాక్టరుగారి చేతిరాత మీద గీత పెట్టలేదు. దాని కిందే, "పేగు కదలలేదు. శుక్రవారం ట్యూబు వేశాం" అని రాసింది. కింది సగంలో పదిహేనో వరసకి వచ్చింది. గురువారం 9.00 కొట్టేసి, "బుధవారం సాయంత్రం 6.05, నేను విన్నాను" అని రాసింది. ఫొటో తీసి పంపింది.

మెసేజీ కింద రెండు నీలం గీతలు పడ్డాయి, ఆయన చూశారు. నిమిషంలో ఫోన్ మోగింది.

"సిస్టర్." వెనకాల మైకు సరిచూస్తున్న గోల వినిపిస్తోంది.

"అండీ."

"ఆయన చెప్పారా, మీరు విన్నారా?"

"ఆయన అరిచి చెప్పారండి. నేను స్టెతస్కోపు పెట్టి విన్నాను. పేగు బాగా కదులుతోంది."

"అయితే ట్యూబు మూసెయ్యండి. నాలుగు గంటలు చూడండి. వాంతి లేకపోతే సాయంత్రం రెండు చెంచాలు మంచినీళ్ళు. ఎక్కువ వద్దు." ఆ మాటలు డాక్టరు మాటలే. ఆ తర్వాత, "రాజరత్నం గారిది కూడా మార్చారు" అన్నారు.

"అవునండి. ఆ సాయంత్రం నేను గదిలోనే ఉన్నాను. ఆయనకి నీళ్ళు కూడా బుధవారమే ఇవ్వచ్చండి. ఇవ్వలేదు. ఆ సంగతే కాగితంలో లేదు."

అటు ఎవరో ఆయన పేరు పిలుస్తున్నారు.

"ఊఁ" అన్నారు డాక్టరుగారు.

ఎప్పటిలా అయితే ఆమె సరేనండి అని ఫోన్ పెట్టేసేది. పెట్టలేదు.

"ఊఁ అంటే ఏంటండీ?" అంది పెర్సిస్.

 ఫోను రెండు చేతులతో పట్టుకుంది.

"మీరు పంపిందే చూపిస్తాను" అన్నారాయన చివరికి. "మిగతాది రేపు వచ్చాక మాట్లాడదాం." ఫోన్ పెట్టేశారు.

రేపటి సంగతి రేపు. పెర్సిస్ వెళ్ళి గొట్టం మడిచి క్లిప్పు పెట్టింది. టైము రాసుకుంది. సోమసుందరం గారు పెదాలు తడుపుకుంటూ, "మంచినీళ్ళెప్పుడమ్మా?" అన్నారు.

"సాయంత్రం అండీ. వికారంగా ఉంటే మాత్రం వెంటనే చెప్పాలి. మొహమాటపడకూడదు."

"పడనమ్మా" అన్నారాయన.